ఓక్ ట్రీ రోడ్డు పక్కన కనిపించని గోడ

న్యూజెర్సీ టర్న్‌పైక్ మీద పదో నంబరు ఎగ్జిట్ తీసుకుంటే ఎడిసన్. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి నయాగరా, స్వేచ్ఛా విగ్రహం చూపించాక మనవాళ్ళు చూపించే మూడో వింత ఇక్కడి ఓక్ ట్రీ రోడ్డు. పటేల్ బ్రదర్స్, బంగారం కొట్లు, చీరల కొట్లు, దోసె హోటళ్ళు, వీసా లాయర్ల బోర్డులు, వీటన్నిటి మధ్య కారు పెట్టుకోవడానికి చోటు దొరక్క అదే సందు చుట్టూ నాలుగోసారి తిరుగుతున్న మనం. ఈ రోడ్డు సగం ఎడిసన్‌లోనూ, సగం పక్కనున్న ఉడ్‌బ్రిడ్జ్ టౌన్‌షిప్‌కి చెందిన ఐసెలిన్‌లోనూ ఉంటుంది. ఎక్కడ ఒక ఊరు అయిపోయి ఇంకో ఊరు మొదలవుతుందో కొన్నవాడికీ తెలీదు, అమ్మినవాడికీ పట్టదు.

2010 జనాభా లెక్కల్లో ఎడిసన్ జనం దాదాపు లక్ష. అందులో నూటికి ఇరవై ఎనిమిది మంది భారతీయులు. 2020 నాటికి జనం లక్షా ఏడు వేలు దాటారు. ఇంతమంది మనవాళ్ళు ఒకచోట చేరాక దేవుడు రాకుండా ఉంటాడా? దేవుడి వెనకాలే రాజకీయం కూడా వచ్చింది. ఈ ఊళ్ళో ఆ రెండూ ఎలా కలిశాయి, ఎక్కడ కలవనివ్వలేదు అన్నది నాకు చాలాకాలంగా ఆసక్తి కలిగించే విషయం. ఎడిసన్ చూడ్డానికి వచ్చేవాళ్ళకి కొట్లు చూపించేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి, నేను ఇంకో ఎడిసన్‌ని చూపిస్తాను.

క్రిస్టీ స్ట్రీట్‌లో, కొట్ల సందడికి దూరంగా, పైన పెద్ద బల్బు పెట్టిన ఒక కాంక్రీటు స్తంభం ఉంది. థామస్ ఎడిసన్ 1876లో మెన్లో పార్కు ప్రయోగశాల పెట్టింది ఇక్కడే. ఫోనోగ్రాఫ్ 1877లో, కరెంటు బల్బు 1879లో ఇక్కడే పుట్టాయి. ఆయన జ్ఞాపకార్థం 1938లో ఆ స్తంభాన్ని ప్రారంభించారు. ఆదివారం నాడు వెళితే పార్కింగ్ బాగా దొరుకుతుంది, ఎందుకంటే మనవాళ్ళెవరూ అటు రారు. ఈ మహానుభావుడు 1910లో న్యూయార్క్ టైమ్స్‌కి ఇచ్చిన ఇంటర్వ్యూలో, చనిపోయాక ఆత్మ మిగులుతుందన్నది తను నమ్మననీ, మనల్ని చేసింది ప్రకృతే తప్ప మతాలు చెప్పే దేవుళ్ళు కాదనీ అన్నాడు. దేశమంతా గగ్గోలు పెట్టింది. అలాంటి మనిషి పేరు పెట్టుకున్న ఊళ్ళో ఇప్పుడు గుళ్ళు, మసీదులు, చర్చిలు, గురుద్వారా, యూదుల సినగాగులు అన్నీ ఉన్నాయి. ఎవరూ ఆయన పేరు మార్చమని అడగలేదు.

అంతకు ముందు ఈ ఊరి పేరు రారిటన్ టౌన్‌షిప్. 1954లో ఓటు పెట్టి ఎడిసన్ అని మార్చుకున్నారు. నాకు ఆ సంవత్సరం మీద కాస్త మోజు. అదే 1954 జూన్‌లో అమెరికా బళ్ళల్లో పిల్లలు రోజూ పొద్దున్నే చెప్పే జెండా ప్రతిజ్ఞలో 'దేవుడి నీడలో' అన్న అర్థం వచ్చే రెండు మాటలు చేర్చారు. ఆ ప్రతిజ్ఞని 1892లో రాసిన ఫ్రాన్సిస్ బెల్లమీ బాప్టిస్టు పాస్టరే. ఆయన మాత్రం దేవుణ్ణి అందులో పెట్టలేదు. సోవియట్ కమ్యూనిస్టుల నాస్తికత్వానికి పోటీగా అరవై రెండేళ్ళ తర్వాత రాజకీయ నాయకులు పెట్టారు. అదే సంవత్సరం లిండన్ జాన్సన్, అప్పటికింకా సెనేటరు, పన్నుల చట్టంలో ఒక సవరణ తెచ్చాడు: పన్ను మినహాయింపు పొందే చర్చిలూ ధార్మిక సంస్థలూ ఎన్నికల్లో ఫలానా అభ్యర్థికి ఓటెయ్యమని చెప్పకూడదు. అంటే ఒకే ఏడాదిలో అమెరికా దేవుణ్ణి బళ్ళోకి తీసుకొచ్చి, పూజారిని పోలింగు బూతు నుంచి బయటికి పంపింది! మన గుళ్ళన్నీ ఈనాటికీ ఆ జాన్సన్ సవరణ కిందే నడుస్తున్నాయి, కార్యవర్గ సభ్యుల్లో చాలామందికి తెలియకపోయినా. 2025 జులైలో పన్నుల శాఖ ఒక కోర్టు కేసులో, పాస్టరు తన సొంత భక్తులతో ప్రార్థన సమయంలో చెప్పే మాటలకి ఇది వర్తించదని తన వాదన మార్చుకుంది. ఆ సందు మన గుళ్ళలోకీ వస్తుందేమోనని నాకు భయం. అన్నదానం క్యూలో నించుని ఫలానా అసెంబ్లీ అభ్యర్థి గురించి వినాల్సివస్తే పులిహోర రుచి పోతుంది.

ఇక్కడ ఇంకో ఊరి గురించి చెప్పాలి. ట్రెంటన్ పక్కనున్న యూయింగ్ టౌన్‌షిప్. ఎడిసన్ నుంచి ముప్పావుగంట ప్రయాణం. 1940లలో ఆ ఊరి స్కూలు బోర్డు క్యాథలిక్ బళ్ళకి వెళ్ళే పిల్లల బస్సు చార్జీలు కూడా తల్లిదండ్రులకి తిరిగి ఇచ్చేది. నా పన్ను డబ్బుతో మతం బడికి బస్సేమిటని ఎవర్సన్ అనే పౌరుడు కోర్టుకెక్కాడు. 1947లో సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు అయి తీర్పు చెప్పింది. బస్సు చార్జీ పిల్లల క్షేమం కోసం కాబట్టి ఫరవాలేదంటూనే, మతానికీ ప్రభుత్వానికీ మధ్య జెఫర్సన్ 1802లో చెప్పిన గోడ ఎత్తుగా, దాటరానిదిగా ఉండాలని జస్టిస్ హ్యూగో బ్లాక్ రాశాడు. మొదటి సవరణలోని 'ప్రభుత్వం ఏ మతాన్నీ నెలకొల్పకూడదు' అన్న నియమం కేంద్రానికే కాదు, రాష్ట్రాలకీ ఊళ్ళకీ కూడా వర్తిస్తుందని తేలింది ఆ కేసుతోనే. గోడ ఎత్తుగా ఉండాలంటూ బస్సుని మాత్రం పోనిచ్చారన్నమాట. అప్పట్నుంచి అమెరికాలో జరిగే పేచీలన్నీ ఆ బస్సు ఎంత పెద్దదై ఉండొచ్చు అన్నదాని మీదే.

ఈ రాష్ట్రం పుట్టినప్పుడే ఇంత ఉదారంగా ఉందనుకోకండి. 1776 నాటి న్యూజెర్సీ రాజ్యాంగం ఏ ఒక్క క్రైస్తవ శాఖనీ అధికార మతం చేయకూడదంటూనే, పదవుల హామీ మాత్రం ప్రొటెస్టెంట్లకే ఇచ్చింది. ఆ మాట పోవడానికి 1844 దాకా పట్టింది. ఇక 2022 జనవరిలో ఎడిసన్ మేయరుగా ప్రమాణం చేసిన శామ్ జోషి ఈ ఊరికి మొదటి భారతీయ సంతతి మేయరు.

మనకి బాగా తగిలే కేసు ఇంకొకటుంది. 1975-76లో న్యూజెర్సీలో అయిదు ప్రభుత్వ హైస్కూళ్ళలో మహర్షి మహేశ్ యోగి ధ్యానాన్ని ఒక ఐచ్ఛిక పాఠంగా పెట్టారు. ఇది మతం కాదు, సైన్సు అన్నారు నిర్వాహకులు. కానీ మంత్రం తీసుకోవడానికి ప్రతి విద్యార్థీ ఒక ఆదివారం నాడు బడి బయట, గురుదేవుల పటం ముందు సంస్కృతంలో జరిగే పూజకి వెళ్ళాల్సి వచ్చేది. కొందరు తల్లిదండ్రులు, మరికొందరు పౌరులు కోర్టుకి వెళ్ళారు. 1977లో జిల్లా కోర్టు, 1979లో మూడో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఇది మతమేనని తేల్చి పాఠాన్ని ఆపేశాయి. పండు, పువ్వు, కొత్త గుడ్డ పెట్టి సంస్కృతంలో స్తుతి చేస్తే అది సైన్సు అని మనం ఇంట్లో పిల్లల్నే నమ్మించలేం, జడ్జీల్ని ఎలా నమ్మిస్తాం?

2022 వేసవిలో మా మావగారు మాతో మూడు నెలలున్నారు. ఆయన దేవాదాయ శాఖలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఏ గుడికి ఎన్ని ఎకరాల మాన్యం ఉందో, అందులో ఎన్ని ఎకరాలు ఎవరు తిన్నారో నోటికి చెప్పగలరు. ఈ ధ్యానం కేసు చెబితే ఆయన ఒక్క ముక్కన్నారు: "అల్లుడుగారూ, మరి మా బళ్ళల్లో సరస్వతీ పూజ చేస్తామే, దాన్నేమంటారు మీ జడ్జీలు?" ఆపేస్తారు మావయ్యగారూ అన్నాను. "ఇక్కడ మనం తక్కువమంది కదా, అందుకా?" అని ఆయన అనుమానం. కాదు, బళ్ళో ప్రభుత్వం చెప్పించే దేవుడి ప్రార్థనని కూడా 1962లో న్యూయార్క్ బళ్ళ కేసులో ఆపేశారని చెప్పాను. ఆయన తల ఊపారు గానీ ఒప్పుకున్నట్టు లేదు.

ఆయన్ని బ్రిడ్జ్‌వాటర్ గుడికి తీసుకెళ్ళాను. ఎడిసన్ నుంచి 287 మీద పాతిక నిమిషాలు. 1998లో ప్రతిష్ఠ జరిగిన వెంకటేశ్వరస్వామి గుడి, ఈ చుట్టుపక్కల తెలుగువాళ్ళకి చిన్న తిరుపతి. దర్శనం అయ్యాక ఆయన మొదటి ప్రశ్న దేవుడి గురించి కాదు. "ఇక్కడ ఈవో ఎవరు?" ఈవో లేరు, మనవాళ్ళే కమిటీ అని చెప్పాను. "ఆడిట్ ఎవరు చేస్తారు? హుండీ ఎవరి ముందు లెక్కపెడతారు? కలెక్టరుకి అధికారం లేదా?" కలెక్టరన్నవాడే లేడండీ, టౌన్‌షిప్ వాళ్ళు అగ్నిమాపక నిబంధనలూ పార్కింగూ చూసిపోతారంతే అన్నాను. ఆ జవాబు ఆయనకి ప్రసాదంలో రాయి తగిలినట్టయింది. ప్రభుత్వం లేని గుడిని ఆయన జన్మలో చూడలేదు మరి.

ఇందులో ఆయన తప్పేమీ లేదు. మన దగ్గర గుడికీ సర్కారుకీ ఉన్న బంధం ఎంత పాతదో, ఎంత చిత్రమైనదో చూడండి. తిరుమల నిర్వహణ 1801 నుంచి ఈస్టిండియా కంపెనీ చేతిలో ఉంది. క్రైస్తవ కంపెనీ విగ్రహారాధన చేయించడమేమిటని ఇంగ్లాండులో మిషనరీలు గొడవ చేశారు. చివరికి 1843లో కంపెనీ చేతులు దులుపుకుని హాథీరాంజీ మఠం మహంతుకి అప్పగించింది. అంటే మన తిరుపతిలో ప్రభుత్వం గుడి నుంచి తప్పుకున్నది లౌకికవాదం కోసం కాదు, అవతలి మతం వాళ్ళ పట్టుదల వల్ల. తర్వాత తొంభై ఏళ్ళు మహంతుల పాలన. గుళ్ళ ఆస్తుల దుర్వినియోగం మీద ఫిర్యాదులు పెరిగాక, జస్టిస్ పార్టీ నాయకుడూ మన కాళహస్తి ప్రాంతపు తెలుగువాడూ అయిన పానగల్ రాజా రామరాయణింగారు మద్రాసు మొదటి మంత్రిగా ఉన్నప్పుడు హిందూ ధర్మాదాయాల చట్టానికి పూనుకున్నారు. 1933లో తిరుమలకి ప్రత్యేక చట్టంతో దేవస్థానం కమిటీ వచ్చింది. 1954లో, మళ్ళీ ఆ సంవత్సరమే, శిరూరు మఠం కేసులో మన సుప్రీంకోర్టు ఒక గీత గీసింది: ఆచారాల్లో వేలు పెట్టకూడదు, ఆస్తుల నిర్వహణ మీద చట్టం చెయ్యొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 1987 చట్టం మిరాశీ హక్కుల్నీ అర్చకత్వపు వంశపారంపర్యాన్నీ తీసేసింది. 1996లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది.

మావగారి వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు. "ప్రభుత్వం లేకపోతే మాన్యాలు మిగిలేవి కావు. దళితుణ్ణి గుళ్ళోకి రానిచ్చింది పూజారి కాదు, చట్టం" అంటారు. నిజమే. మద్రాసు ఆలయ ప్రవేశ చట్టాలు లేకపోతే ఎన్ని గుళ్ళు తలుపులు తీసేవో! అమెరికాలో ఆ పని ప్రభుత్వానికి లేదు, ఎందుకంటే ఇక్కడి గుళ్ళు మొన్న కట్టినవి, మాన్యాలు లేవు, చందాలే. మరి చందాల గుళ్ళలో గొడవలుండవా? ఫ్లషింగ్ గణేశుడి గుడి నిర్వహణ తగాదా 2008లో న్యూయార్క్ రాష్ట్రపు అత్యున్నత కోర్టు దాకా వెళ్ళింది. తేడా ఒక్కటే. కోర్టు సంస్థ నియమావళిని చూసింది గానీ ఆగమ శాస్త్రాన్ని ముట్టుకోలేదు. మా ఐటీ భాషలో చెప్పాలంటే, గుడికి అడ్మిన్ పాస్‌వర్డు ప్రభుత్వం దగ్గర ఉంటే మంచి ప్రభుత్వం వచ్చినప్పుడు సిస్టమ్ బాగా నడుస్తుంది. కానీ అయిదేళ్ళకోసారి పాస్‌వర్డు ఇంకొకరి చేతికి పోతుంది.

బ్రిడ్జ్‌వాటర్‌లోనే ఇంకో కథ నడిచింది. దాన్ని మన గుడికి వెళ్ళేవాళ్ళందరూ తెలుసుకోవాలి. 2011లో అల్ ఫలా సెంటర్ అనే ముస్లిం సంస్థ అదే ఊళ్ళో ఒక పాత హోటలుని మసీదుగా మార్చుకోవడానికి దరఖాస్తు పెట్టింది. ఊరు హడావుడిగా నిబంధన మార్చి, ప్రార్థనాలయాలు పెద్ద రోడ్ల మీదే ఉండాలంది. వాళ్ళు కోర్టుకెళ్ళారు. 2000లో వచ్చిన మతస్థలాల భూవినియోగ చట్టం వాళ్ళ చేతిలో ఉన్న ఆయుధం. 2014లో ఊరు 77.5 లక్షల డాలర్లకి రాజీ పడింది, మసీదుకి వేరే స్థలం కూడా ఏర్పాటయింది. పక్కనున్న బెర్నార్డ్స్ టౌన్‌షిప్‌లో మసీదుకి చర్చిలకంటే ఎక్కువ పార్కింగు స్థలాలు కావాలన్నారు. 2016 చివర్లో ఫెడరల్ జడ్జి అది వివక్షేనన్నాడు, 2017లో 32.5 లక్షల డాలర్లతో రాజీ. రేపు మన గుడికి రాజగోపురం ఎత్తు ఎక్కువైందనో, ఉగాదికి కార్లు ఎక్కువొచ్చాయనో ఏ ఊరైనా అడ్డం పడితే మన లాయరు ముందు వెతికే తీర్పులు ఈ మసీదులవే.

అసలు ఎడిసన్‌లో ఆ దారి వేసింది మనవాళ్ళే అని చాలామందికి తెలియదు. 1990లలో రారిటన్ సెంటర్‌లో గుజరాతీలు నవరాత్రి గర్బా మొదలుపెట్టారు. వారాంతాల్లో వేలమంది, తెల్లవార్లూ దాండియా. చప్పుడు నిద్ర పట్టనివ్వడం లేదని ఇరుగుపొరుగు ఫిర్యాదులు. టౌన్‌షిప్ కౌన్సిల్ వేళల మీదా, అనుమతుల మీదా కట్టుబాట్లతో ఆర్డినెన్సు తెచ్చింది. గుర్తుంచుకోండి, అంతకు కొన్నేళ్ళ ముందే, 1987లో, జెర్సీ సిటీలో బొట్టు పెట్టుకున్నవాళ్ళ మీద 'డాట్ బస్టర్స్' దాడులు జరిగాయి. ఆ భయం ఇంకా ఆరలేదు. నిర్వాహకులైన ఇండో అమెరికన్ కల్చరల్ సొసైటీ ఫెడరల్ కోర్టుకి వెళ్ళింది. అమ్మవారి చుట్టూ ఆడటం మాకు వినోదం కాదు, ఆరాధన అంది. 1996లో కోర్టు ఆర్డినెన్సులోని కొన్ని నిబంధనలు మొదటి సవరణకి విరుద్ధమంది. మైనారిటీలో మైనారిటీగా ఉన్న మనకి ఆ రోజు ఆ గోడ ఎంత తియ్యగా ఉందో!

కాలం మారింది. ఓట్లు పెరిగాయి. ఓట్లు పెరిగితే దీపాలు వెలిగించేవాళ్ళూ పెరుగుతారు. 2016 అక్టోబరు 15న ఇదే రారిటన్ సెంటర్‌లోని ఎక్స్‌పో హాల్లో రిపబ్లికన్ హిందూ కొయలిషన్ సభకి డొనాల్డ్ ట్రంప్ వచ్చాడు. దీపం వెలిగించి, హిందువులన్నా ఇండియా అన్నా తనకి చాలా ఇష్టమన్నాడు. బాలీవుడ్ ఆటపాటల మధ్య ఎన్నికల ప్రసంగం. అమెరికాలో ఒక అధ్యక్ష అభ్యర్థి మనల్ని మతం పేరు పెట్టి పిలిచి ఓటడిగితే కొందరికి ఒళ్ళు పులకరించింది, కొందరికి ఒళ్ళు మండింది. చట్టం దృష్టిలో తప్పేమీ లేదు, హాలు ప్రైవేటుది, మాట స్వేచ్ఛ అతనిది. డెమొక్రాట్లు మాత్రం తక్కువ తిన్నారా? దీపావళి వస్తే రెండు పార్టీల వాళ్ళూ శాలువాలు కప్పించుకుని లడ్డు తింటూ ఫొటోలకి నిలబడతారు. నాకు ఇబ్బంది అనిపించేది ఒక్కటే. మనల్ని ఇండియన్ అమెరికన్లుగా పిలిస్తే మా వీధి చివర ఉండే హైదరాబాదీ ముస్లిం కుటుంబం, గుంటూరు నుంచి వచ్చిన క్రైస్తవ నర్సు, నేను, ముగ్గురం ఒక లెక్క. హిందువులుగా పిలిస్తే వాళ్ళిద్దరూ ఆ లెక్కలోంచి పోతారు. రాజకీయాల్లో కూడిక కంటే తీసివేత సులువు.

2022 ఆగస్టు 14న ఓక్ ట్రీ రోడ్డు మీద ఇండియా డే పెరేడ్ జరిగింది. స్వాతంత్ర్యం వచ్చి డెబ్బై అయిదేళ్ళు. మావగారికి చూపించాలని తీసుకెళ్ళాం. జెండాలు, బ్యాండు మేళాలు, బీజేపీ ప్రతినిధి సంబిత్ పాత్ర అతిథి. మధ్యలో ఒక పసుప్పచ్చ బుల్‌డోజర్ వచ్చింది, దాని మీద ప్రధాని మోదీ, యోగి ఆదిత్యనాథ్ బొమ్మలు. మావగారు దాన్ని చూసి, "ఎవరో కాంట్రాక్టరు స్పాన్సర్ చేసినట్టున్నాడు" అన్నారు. ఆయన సర్వీసులో బుల్‌డోజర్ అంటే గుడి మాన్యంలో లేచిన అక్రమ కట్టడాలు తీయించే యంత్రం. కోర్టు నోటీసు, గడువు, పంచనామా అయ్యాకే అది కదిలేది. ఆ ఏడాది ఏప్రిల్‌లో మధ్యప్రదేశ్ ఖర్గోన్‌లోనూ, జూన్‌లో ఉత్తరప్రదేశ్ ప్రయాగ్‌రాజ్‌లోనూ అల్లర్ల నిందితుల ఇళ్ళు, ఎక్కువగా ముస్లింలవి, కూల్చిన యంత్రం అదే అని పక్కనున్న కుర్రాడు చెప్పాడు. మావగారు కాసేపు మాట్లాడలేదు. "నోటీసు ఇచ్చారా?" అని మాత్రం అడిగారు.

తర్వాత రెండు వారాలు ఈ ఊరు పడ్డ అవస్థ నాకు బాగా గుర్తు. ఇండియన్ అమెరికన్ ముస్లిం కౌన్సిల్ లాంటి సంస్థలు నిరసన తెలిపాయి. న్యూజెర్సీ సెనేటర్లదాకా వెళ్ళింది. ఎడిసన్, ఉడ్‌బ్రిడ్జ్ మేయర్ల మీద ఒత్తిడి. అలాంటివాటిని ఊరే నిషేధించాలన్నారు కొందరు. కానీ ఆలోచించండి. నవరాత్రి కేసులో మనల్ని కాపాడిన మొదటి సవరణే ఆ బుల్‌డోజర్‌నీ కాపాడుతుంది. ఊరు పెరేడ్‌కి అనుమతి ఇచ్చి ట్రాఫిక్కు ఆపాలే గానీ, ఏ బొమ్మ ముద్దు, ఏది వద్దు అని ఎంపిక చేయకూడదు. కాబట్టి పోలీసులూ లేరు, కేసూ లేదు. మిగిలింది ఇరుగుపొరుగు వాళ్ళ మాటే. ఆ మాటకి బలం ఉందని తేలింది. ఆగస్టు 30న పెరేడ్ నిర్వాహకులైన ఇండియన్ బిజినెస్ అసోసియేషన్ ఇద్దరు మేయర్లకీ క్షమాపణ లేఖ రాసింది. అలాంటివి ఇకమీదట రానివ్వమంది.

మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో దీన్ని లొంగిపోవడం అన్నారు కొందరు. నేనలా అనుకోను. ఓక్ ట్రీ రోడ్డు మీద కొట్టు పెట్టుకున్నవాడికి తన గిరాకీలో సగంమంది ఎవరో తెలుసు. హలాల్ మాంసం కొట్టూ, మిఠాయి కొట్టూ ఒకే గోడకి ఆనుకుని ఉన్న వీధి అది. రంజాన్ నెలలో హలీం కోసం నిలబడే వరసలో మనవాళ్ళే ఎక్కువ! పక్కవాణ్ణి భయపెట్టి బేరం చెయ్యడం కుదరదు. 2024 నవంబరు 13న భారత సుప్రీంకోర్టు, నిందితుడనే కారణంతో ఇల్లు కూల్చడం రాజ్యాంగ విరుద్ధమనీ, కనీసం పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలనీ తీర్పు చెప్పింది. మావగారి ప్రశ్నకి రెండేళ్ళకి పైగా గడిచాక జవాబు వచ్చింది. తీర్పు వచ్చిన రోజు ఆయనే ఫోన్ చేసి చెప్పారు.

బడుల సంగతి కూడా చెప్పాలి. ఎడిసన్ ప్రభుత్వ బడులకి దీపావళికి సెలవిస్తారు. ఇది ప్రభుత్వం హిందూ మతాన్ని గౌరవించడం అని మనవాళ్ళు సంబరపడతారు. అక్కడ నాకో సందేహం. చట్టం ప్రకారం బడి మతాన్ని గౌరవించడానికి సెలవివ్వకూడదు, చాలామంది పిల్లలూ టీచర్లూ రాకపోతే బడి నడవదు కాబట్టి ఇవ్వొచ్చు. అంటే మన సెలవు దేవుడి లెక్క కాదు, హాజరు పట్టీ లెక్క. ఈద్ అయినా, యూదుల యోమ్ కిప్పూర్ అయినా అదే లెక్క. సెలవు లేని పండక్కి కూడా పిల్లవాడు మానేస్తే శిక్షించకూడదని న్యూజెర్సీ చట్టం ఉంది. ఒక్క ఉత్తరం రాసిస్తే చాలు. మా పిల్లకి వినాయక చవితికి ప్రతిసారీ ఆ ఉత్తరం నేనే రాస్తాను. ఇప్పటిదాకా ఏ టీచరూ ఆ పండగ నిజమైనదేనా అని అడగలేదు.

అదే మన రాష్ట్రంలో ఏం జరిగిందో చూడండి. 2024 సెప్టెంబరు 18న ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు, గత ప్రభుత్వ హయాంలో తిరుమల లడ్డూకి జంతువుల కొవ్వు కలిసిన నెయ్యి వాడారన్నారు. జగన్‌మోహనరెడ్డి అది రాజకీయమన్నారు. ఆయన తిరుమల వెళతానంటే డిక్లరేషను మీద సంతకం పెట్టాలన్నారు, ఆయన ప్రయాణం మానుకున్నారు. ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ పదకొండు రోజుల ప్రాయశ్చిత్త దీక్ష పట్టారు. సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు, కనీసం దేవుళ్ళనైనా రాజకీయాలకి దూరంగా ఉంచమని మందలించింది. అక్టోబరు 4న దర్యాప్తుని సీబీఐ పర్యవేక్షణలో ఒక ప్రత్యేక బృందానికి అప్పగించింది. కల్తీ అయితే అది ఆహార భద్రతా శాఖ తేల్చాల్సిన నేరం, చేసినవాడు జైలుకి పోవాలి. కానీ దేవస్థానం బోర్డుని ప్రభుత్వం వేస్తుంది, ప్రభుత్వాన్ని పార్టీ నడుపుతుంది. అందువల్ల నెయ్యి డబ్బా కూడా ఒక పార్టీదో రెండో పార్టీదో అయిపోయింది. ఆ రోజుల్లో ఎడిసన్‌లో ఏ పుట్టినరోజు పార్టీకి వెళ్ళినా ఇదే గొడవ. దేవుడి మీద బెంగతో మాట్లాడినవాళ్ళకంటే పార్టీ మీద ప్రేమతో మాట్లాడినవాళ్ళే ఎక్కువ కనిపించారు.

ఆ వారంలోనే మావగారు ఫోన్ చేశారు. తిరుమల గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. పాత ఉద్యోగి కదా, నోరు జారకూడదని అలవాటు. "అల్లుడుగారూ, మీ గుళ్ళో ప్రసాదానికి నెయ్యి ఎక్కణ్ణుంచి తెస్తారు?" అని మాత్రం అడిగారు. మా వీధిలో ఒకావిడ వంటశాలలో సేవకి వెళుతుంటారు, ఆవిణ్ణి కనుక్కుని చెప్పాను. కాస్ట్‌కోలో ఉప్పు లేని వెన్న కొనుక్కొచ్చి, శనివారం పొద్దున్నే ఆడవాళ్ళు నలుగురు కూర్చుని కాస్తారట. "రసీదులు దాస్తున్నారా?" అన్నారు మావగారు.